రౌటర్ల మధ్య లింక్‌కి సరైన నెట్‌వర్క్ టైపు ఎంచుకోవడం: ఓఎస్‌పీఎఫ్ సమగ్ర మార్గదర్శి

రెండు రౌటర్లను ఒక ఫైబర్ జతతో కలిపి, ఐపీ అడ్రసులు ఇచ్చి, రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్ ఓఎస్‌పీఎఫ్‌ని ఆన్ చేస్తే అవతలి రౌటర్ నైబర్‌గా లేస్తుంది, రూట్లు వస్తాయి, పింగ్ వెళ్తుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆ లింక్‌ని ఓఎస్‌పీఎఫ్ ఏమనుకుంటోందో చూడరు. ఈథర్‌నెట్ పోర్టు అనగానే అది బ్రాడ్‌కాస్ట్ టైపు వేసుకుంటుంది. ఈ తీగ మీద ఇంకా ఎన్ని రౌటర్లైనా ఉండొచ్చని భావించి అందరి తరఫునా సమాచారం పంచే డెజిగ్నేటెడ్ రౌటర్ (డీఆర్), దాని బ్యాకప్ (బీడీఆర్) కోసం ఎన్నిక జరుపుతుంది. ఇద్దరే ఉన్న ఇంట్లో సర్పంచ్ ఎన్నిక పెట్టినట్టు ఉంటుంది ఆ పని.

నెట్‌వర్క్ టైపును పోర్టు రకం చూసి కాకుండా లింక్ ఆకారం చూసి నిర్ణయించాలన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న విషయం. ఆ సబ్‌నెట్‌లో ఎంతమంది రౌటర్లు ఉన్నారు, ఎవరికి ఎవరు నేరుగా అందుతారు అన్నదే ఆకారం. డిఫాల్ట్‌కి ఆ సంగతి తెలియదు. లింక్ వేసిన మనిషికి తెలుసు కాబట్టి ఆ మనిషే చెప్పాలి.

ఆదేశాలన్నీ ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. పరికరం మీద మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి. ఉదాహరణలు ఎక్కువగా సిస్కో ఐఓఎస్ పద్ధతిలో ఉంటాయి. మిగతా కంపెనీల పరికరాలకు ఎక్కడ తేడా వస్తుందో ఆయా చోట్ల చెప్తాను.

మొదటి అడుగు: లింక్‌ని కాగితం మీద గీయండి

కమాండ్ లైన్ తెరవకముందే మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి.

ఈ సబ్‌నెట్‌లో ఓఎస్‌పీఎఫ్ మాట్లాడే రౌటర్లు ఇప్పుడు ఎన్ని, రేపు ఎన్ని కావచ్చు? రెండే ఉండి, మూడోది రావడానికి వీల్లేకపోతే సగం పని అయిపోయినట్టే. డేటా సెంటర్‌లో లీఫ్‌కీ స్పైన్‌కీ మధ్య కేబుల్, రెండు ఊళ్ల మధ్య డార్క్ ఫైబర్, రెండు టవర్ల మధ్య మైక్రోవేవ్ రేడియో, ప్రొవైడర్ దగ్గర తీసుకున్న ఈ-లైన్ సర్క్యూట్ అన్నీ ఈ కోవలోకే వస్తాయి. మధ్యలో ఎన్ని స్విచ్‌లు ఉన్నా పర్వాలేదు. ఆ వీలాన్‌లో (స్విచ్‌ల మీద విడదీసిన లాన్‌లో) చివర్లు రెండే అయితే అది రెండు చివర్ల లింకే.

ఒకరు పంపిన మల్టీకాస్ట్ మిగతా అందరికీ చేరుతుందా? ఓఎస్‌పీఎఫ్ హలో ప్యాకెట్లు 224.0.0.5కి వెళ్తాయి. కింద ఉన్న నెట్‌వర్క్ వాటిని మోసుకెళ్లకపోతే నైబర్లు వాటంతట అవి దొరకవు, చేత్తో రాయాలి.

మూడోది అందరూ మరిచిపోయే ప్రశ్న: ప్రతి రౌటర్ ప్రతి ఇతర రౌటర్‌ని లేయర్ 2లో నేరుగా అందుకోగలదా? ఒకే సబ్‌నెట్ అడ్రసులు ఉన్నంత మాత్రాన అందుతాయని అనుకోకండి. ఈ-ట్రీ సర్వీసులో ఆకు చివర్లు వేరుతో మాట్లాడతాయి, తమలో తాము మాట్లాడుకోలేవు. క్లయింట్ ఐసొలేషన్ పెట్టిన వైర్‌లెస్ సెక్టార్‌లోనూ అదే పరిస్థితి. ఒకే టనెల్ ఇంటర్‌ఫేస్‌తో చాలా బ్రాంచ్‌లను కలిపే మల్టీపాయింట్ జీఆర్‌ఈ టనెల్‌లో బ్రాంచ్‌ల మధ్య దారి అవసరం పడ్డప్పుడే పుడుతుంది. ఓఎస్‌పీఎఫ్‌కి ఎక్కువ తలనొప్పులు వచ్చేది ఈ మూడో ప్రశ్నకు ‘కాదు’ అని జవాబు ఉన్న చోట్లే.

రెండో అడుగు: ఇప్పుడు ఏముందో చూడండి

షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్‌నెట్0/1

ఇందులో నెట్‌వర్క్ టైపు, స్టేట్, హలో-డెడ్ టైమర్లు (హలో ఎంతకోసారి పంపాలి, ఎంతసేపు వినకపోతే నైబర్ పోయిందనుకోవాలి) ఈ మూడూ చదవండి. తర్వాత ఇది:

షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్

నైబర్ పక్కన ఫుల్/డీఆర్ అనో ఫుల్/బీడీఆర్ అనో ఉంటే ఆ లింక్ మీద ఎన్నిక జరిగిందని అర్థం (ఫుల్ అంటే డేటాబేస్ మార్పిడి పూర్తయిందని). ఫుల్ తర్వాత గీత మాత్రమే ఉంటే పాయింట్-టు-పాయింట్ రకం. టూవే/డీఆర్‌అదర్ కనిపిస్తే కొత్తవాళ్లు కంగారుపడుతుంటారు. బ్రాడ్‌కాస్ట్ లింక్‌లో డీఆర్, బీడీఆర్ కాని రెండు రౌటర్లు ఒకదానికొకటి టూవే దగ్గరే, అంటే హలోలు మార్చుకున్న దశలోనే, ఆగాలి, అది సరైన స్థితే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో సీసీఎన్‌ఏ చదివినవాళ్లకు ఈ స్టేట్లన్నీ వరసగా నోటికొచ్చు. వాటిలో ఏది ఏ లింక్ మీద కనిపించాలో చెప్పగలిగితే ఆ చదువు ఉద్యోగంలో పనికొస్తుంది.

డిఫాల్ట్‌లు ఇలా ఉంటాయి. ఈథర్‌నెట్‌కి బ్రాడ్‌కాస్ట్. పీపీపీ, హెచ్‌డీఎల్‌సీ నడిచే సీరియల్‌కి పాయింట్-టు-పాయింట్. జీఆర్‌ఈ టనెల్‌కి కూడా పాయింట్-టు-పాయింటే. పాత ఫ్రేమ్ రిలే ఫిజికల్ ఇంటర్‌ఫేస్‌కి నాన్-బ్రాడ్‌కాస్ట్. లూప్‌బ్యాక్‌కి దానిదే అయిన లూప్‌బ్యాక్ టైపు.

మూడో అడుగు: ఒక్కో టైపు లోపల ఏం చేస్తుందో తెలుసుకోండి

ఓఎస్‌పీఎఫ్ రెండో వెర్షన్‌కి ఆధారమైన ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2328ని జాన్ మోయ్ రాశారు. అది 1998లో వచ్చింది. అప్పట్లో ఈథర్‌నెట్ అంటే ఒకే తీగకో హబ్‌కో వేలాడే చాలా యంత్రాలు. రౌటర్ల మధ్య దూరపు లింక్ అంటే సీరియల్ లైన్. ఇవాళ రౌటర్‌కీ రౌటర్‌కీ మధ్య దాదాపు అన్ని లింకులూ ఈథర్‌నెట్ పోర్టుల మీదే నడుస్తున్నాయి, డిఫాల్ట్ మాత్రం ఆనాటిదే. ఈథర్‌నెట్‌ని పాయింట్-టు-పాయింట్‌గా నడపడం గురించి 2008లో ఆర్‌ఎఫ్‌సీ 5309 కూడా వచ్చింది.

బ్రాడ్‌కాస్ట్ టైపు నిజమైన బహుళ రౌటర్ల సబ్‌నెట్‌కి చక్కటి ఏర్పాటు. పది రౌటర్లు ఒకే వీలాన్‌లో ఉన్నాయనుకోండి. అందరూ అందరితో పూర్తి అడ్జసెన్సీ (డేటాబేస్‌లు మార్చుకునే సంబంధం) పెట్టుకుంటే 45 అవుతాయి. డీఆర్, బీడీఆర్ ఉంటే మిగతా ఎనిమిది ఆ రెండింటితో మాత్రమే పెట్టుకుంటాయి, ఆ రెండింటి మధ్య ఇంకొకటి, మొత్తం 17. మార్పు వచ్చినప్పుడు డీఆర్‌అదర్ దాన్ని 224.0.0.6కి పంపుతుంది. డీఆర్ అందరి తరఫునా 224.0.0.5కి మళ్లీ పంపుతుంది. అంతేకాక డీఆర్ ఆ సబ్‌నెట్ తరఫున టైపు 2 ఎల్‌ఎస్‌ఏ (లింకుల వివరాలు చెప్పే ప్రకటన) పుట్టిస్తుంది. దగ్గరి దారిని లెక్కించే ఎస్‌పీఎఫ్ గ్రాఫ్‌లో ఆ సబ్‌నెట్ ఒక ప్రత్యేక బిందువుగా చేరుతుంది, రౌటర్లు ఆ బిందువుకి కట్టుకుంటాయి.

ఈ యంత్రాంగాన్నే ఇద్దరున్న లింక్ మీద పెడితే? అడ్జసెన్సీ ఎలాగూ ఒకటే, కాబట్టి ఆదా ఏమీ లేదు. అదనపు బిందువు మాత్రం ఉంటుంది. రెండు వందల లింకులున్న ఏరియాలో (ఒకే డేటాబేస్ పంచుకునే రౌటర్ల గుంపులో) రెండు వందల టైపు 2 ఎల్‌ఎస్‌ఏలు ఏ ఉపయోగమూ లేకుండా డేటాబేస్‌లో కూర్చుంటాయి. ఇవాళ్టి రౌటర్లకు ఆ బరువు పెద్దది కాదు, దాన్నే కారణంగా చూపి ఎవరినీ ఒప్పించలేం. కానీ రాత్రి రెండింటికి డేటాబేస్ చదువుతూ సమస్య వెతుకుతున్నప్పుడు రౌటర్‌కీ రౌటర్‌కీ మధ్య నేరుగా ఒక గీత కనిపించడానికీ, మధ్యలో లేని వస్తువొకటి కనిపించడానికీ చాలా తేడా ఉంటుంది.

అసలు తేడా సమయంలో ఉంది. బ్రాడ్‌కాస్ట్ ఇంటర్‌ఫేస్ లేవగానే వెయిటింగ్ స్టేట్‌లోకి వెళ్తుంది. ఇప్పటికే డీఆర్ ఉందేమో తెలుసుకోవడానికి డెడ్ ఇంటర్వెల్ అంతసేపు, అంటే డిఫాల్ట్‌గా 40 సెకన్లు కాచుకుంటుంది. అవతలివాడు నేనే డీఆర్ అనో బీడీఆర్ అనో హలోలో చెప్తే కాచుకోవడం ముందే ముగియొచ్చు. కానీ ఫైబర్ తెగి మళ్లీ అతికితే రెండు పోర్టులూ ఒకేసారి పడి ఒకేసారి లేస్తాయి. రెండూ ఖాళీ చేతులతో వెయిటింగ్‌లో నిలబడతాయి, 40 సెకన్లూ పూర్తిగా గడుస్తాయి. పాయింట్-టు-పాయింట్‌లో ఆ స్టేట్ లేదు. హలోలు మార్చుకుని టూవే అయిన వెంటనే డేటాబేస్ మార్పిడి మొదలవుతుంది, సాధారణంగా కొన్ని సెకన్లలో ఫుల్ అవుతుంది.

ఒక అపోహను కూడా ఇక్కడే తీసేయాలి. టైపు మార్చడం వల్ల లింక్ పడిపోయిన సంగతి త్వరగా తెలియదు. రెండు టైపుల్లోనూ హలో 10, డెడ్ 40 సెకన్లే. మధ్యలో స్విచ్ ఉండి అవతలి తీగ తెగితే మన పోర్టు పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. ఆ లోటు తీర్చేది దారి బతికుందో లేదో చాలా వేగంగా కనిపెట్టే బీఎఫ్‌డీ. హలో టైమర్లను సెకనులోపుకి దించే దారి కూడా ఉంది గానీ, నేనైతే బీఎఫ్‌డీకే ఓటేస్తాను. ఓఎస్‌పీఎఫ్ ప్రాసెస్‌కి ఆ భారం పెట్టకూడదు.

పాయింట్-టు-పాయింట్‌లో టైపు 2 ఎల్‌ఎస్‌ఏ ఉండదు. రౌటర్ ఎల్‌ఎస్‌ఏలోనే ఒక్కో లింక్‌కి రెండు వరుసలు ఉంటాయి: ఫలానా రౌటర్‌కి కట్టుకున్నాను అనేది ఒకటి, ఆ సబ్‌నెట్‌ని స్టబ్‌గా చెప్పేది ఇంకొకటి. ఈ టైపులో హలోలోని సబ్‌నెట్ మాస్క్‌ని సరిచూడరు. ఒక చివర /30, ఇంకో చివర /29 పొరపాటున పెట్టినా నైబర్ లేచిపోతుంది. బ్రాడ్‌కాస్ట్‌లో అయితే లేవదు. అంటే బ్రాడ్‌కాస్ట్ మీ తప్పును పట్టిస్తుంది, పాయింట్-టు-పాయింట్ దాచిపెడుతుంది. కాబట్టి మాస్కుల్ని మీరే చూసుకోవాలి.

నాన్-బ్రాడ్‌కాస్ట్ టైపు ఫ్రేమ్ రిలే, ఏటీఎం కాలం నాటిది. మల్టీకాస్ట్ వెళ్లదు, కాబట్టి రౌటర్ ఓఎస్‌పీఎఫ్ కింద నైబర్ అడ్రసులు రాయాలి. డీఆర్ ఎన్నిక మాత్రం ఉంటుంది, అందరూ అందరికీ అందుతారన్న నమ్మకం మీదే నడుస్తుంది. హలో 30, డెడ్ 120. కొత్తగా దీన్ని ఎంచుకోవాల్సిన అవసరం చాలా అరుదు.

పాయింట్-టు-మల్టీపాయింట్ మూడో ప్రశ్నకు ‘కాదు’ అన్న చోట్ల మిమ్మల్ని కాపాడుతుంది. ఒకే ఇంటర్‌ఫేస్ వెనక ఉన్న ఒక్కో నైబర్‌ని విడివిడి లింక్‌గా చూస్తుంది. ఎన్నిక లేదు. ఒక్కో రౌటర్ తన ఇంటర్‌ఫేస్ అడ్రసును /32 హోస్ట్ రూట్‌గా ప్రకటిస్తుంది. అందువల్ల ఒక బ్రాంచ్ ఇంకో బ్రాంచ్‌కి పంపాలంటే దారి హబ్ మీదుగానే తేలుతుంది, నేరుగా అందని నెక్స్ట్-హాప్ ఎప్పుడూ రాదు. సిస్కోలో దీనికీ హలో 30, డెడ్ 120. మల్టీకాస్ట్ వెళ్లని చోటికి నాన్-బ్రాడ్‌కాస్ట్ రకం పాయింట్-టు-మల్టీపాయింట్ కూడా సిస్కోలో ఉంది. అందులో నైబర్లను చేత్తో రాయాలి.

నాలుగో అడుగు: జవాబుల్ని బట్టి నిర్ణయించండి

రెండే రౌటర్లు, మూడోది రాదు: పాయింట్-టు-పాయింట్. మరో ఆలోచన అక్కర్లేదు. ఈ లింకులకు /31 అడ్రసులు కూడా ఇవ్వండి. ఆర్‌ఎఫ్‌సీ 3021 వచ్చింది 2000లో, ఇంకా /30 ఇచ్చి సగం అడ్రసులు పారేయడానికి పాత పరికరం తప్ప వేరే కారణం ఉండకూడదు. లింకులకు అడ్రసే ఇవ్వకుండా లూప్‌బ్యాక్ అడ్రసును అరువు తెచ్చుకునే అన్‌నంబర్డ్ ఫ్యాబ్రిక్ కడుతుంటే ఈథర్‌నెట్ మీద ఈ టైపు తప్పనిసరి.

మూడు లేదా అంతకన్నా ఎక్కువ, అందరికీ అందరూ అందుతారు, మల్టీకాస్ట్ వెళ్తుంది: బ్రాడ్‌కాస్ట్. చాలా చోట్లను ఒకే లాన్‌లా కలుపుతూ ప్రొవైడర్ ఇచ్చిన వీపీఎల్ఎస్ మేఘం ఇలాంటిదే. అయితే డీఆర్‌ని అదృష్టానికి వదలకండి. ప్రయారిటీ డిఫాల్ట్‌గా అందరికీ 1. సమానమైతే ఎక్కువ రౌటర్ ఐడీ ఉన్నవాడు గెలుస్తాడు, అది మూల ఉన్న బలహీనమైన పెట్టె కావచ్చు. స్థిరంగా ఉండే రెండు రౌటర్లకు ఎక్కువ ప్రయారిటీ ఇవ్వండి, డీఆర్ కాకూడనివాటికి 0 పెట్టండి. ఉన్న డీఆర్‌ని కొత్తగా వచ్చిన పెద్ద ప్రయారిటీ దించదు. కాబట్టి ప్రయారిటీలు మొదటిరోజే పెట్టాలి. తర్వాత పెడితే అవి అమల్లోకి రావడానికి ఓఎస్‌పీఎఫ్‌ని కదిలించాల్సి వస్తుంది.

మల్టీకాస్ట్ వెళ్తుంది గానీ ఆకులు ఒకదానికొకటి అందవు: పాయింట్-టు-మల్టీపాయింట్. ఇక్కడ బ్రాడ్‌కాస్ట్ వదిలేస్తే ఏమవుతుందో ఊహించండి. ఆకులు ఒకదాని హలో ఒకటి వినవు. ఒక ఆకుకి రౌటర్ ఐడీ పెద్దదైతే అది డీఆర్ కావచ్చు, మిగతా ఆకులకు ఆ డీఆర్ కనిపించనే కనిపించదు. హబ్‌ని బలవంతంగా డీఆర్ చేసి, ఆకులకు ప్రయారిటీ 0 పెడితే డేటాబేస్ సరిపోతుంది. కానీ ఆకు నుంచి ఆకుకి వెళ్లే రూట్ నెక్స్ట్-హాప్‌గా అవతలి ఆకునే చూపిస్తుంది, ప్యాకెట్ అక్కడికి చేరదు. రూటింగ్ టేబుల్ చూస్తే అంతా బాగుంటుంది, ట్రాఫిక్ మాత్రం చస్తుంది. వెతికి పట్టుకోవడం చాలా కష్టమైన లోపాల్లో ఇదొకటి.

యూజర్ల లాన్, అటువైపు వేరే రౌటర్ లేదు: టైపు జోలికి పోకండి, పాసివ్ చేయండి, అంటే అటువైపు హలోలు వెళ్లకుండా ఆపండి. ఎవరో తెచ్చి పెట్టిన పెట్టెతో నైబర్ కావడం కన్నా ప్రమాదం ఇంకోటి లేదు.

టనెళ్ల దగ్గర కాస్త ఆగాలి

ఒక చివర నుంచి ఒక చివరకు వేసిన మామూలు జీఆర్‌ఈ టనెల్‌కి డిఫాల్టే సరైనది. అక్కడ చూసుకోవాల్సింది ఎంటీయూ, అంటే ప్యాకెట్ గరిష్ఠ సైజు. జీఆర్‌ఈ 24 బైట్లు తింటుంది, 1500లో 1476 మిగులుతుంది. రెండు చివర్లా వేర్వేరు సంఖ్యలుంటే నైబర్ ఎక్స్‌స్టార్ట్‌లోనో ఎక్స్‌ఛేంజ్‌లోనో ఇరుక్కుంటుంది. ఎంటీయూ-ఇగ్నోర్ అనే ఆదేశం ఉంది కదా అని వాడకండి. సంఖ్యల్ని సరిచేయండి.

హబ్‌కీ బ్రాంచ్‌లకీ మధ్య టనెళ్లను వాటంతట అవే కట్టుకునే ఏర్పాటు డీఎంవీపీఎన్‌లో వాడే మల్టీపాయింట్ జీఆర్‌ఈకి కూడా డిఫాల్ట్ పాయింట్-టు-పాయింటే వస్తుంది, అది తప్పు. హబ్ ఒకే ఇంటర్‌ఫేస్ మీద ఒకే నైబర్‌ని ఆశిస్తుంది, బ్రాంచ్‌లు ఒకటి తర్వాత ఒకటి వస్తుంటే నైబర్లు లేస్తూ పడుతూ ఉంటాయి. ఏది పెట్టాలన్నది మీ డీఎంవీపీఎన్ ఏ ఫేజ్ అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఫేజ్ 1లో బ్రాంచ్ ట్రాఫిక్ అంతా హబ్ మీదుగానే వెళ్లాలి, కాబట్టి పాయింట్-టు-మల్టీపాయింట్. ఫేజ్ 2లో బ్రాంచ్ నుంచి బ్రాంచ్‌కి నేరుగా టనెల్ పుట్టాలంటే రూటింగ్ టేబుల్‌లో అవతలి బ్రాంచే నెక్స్ట్-హాప్‌గా ఉండాలి. పాయింట్-టు-మల్టీపాయింట్ దాన్ని హబ్‌గా మార్చేస్తుంది. కాబట్టి ఇక్కడ బ్రాడ్‌కాస్టే పెట్టాలి, హబ్‌ని డీఆర్ చేయాలి, ప్రతి బ్రాంచ్‌కీ ప్రయారిటీ 0 ఉండాలి. ఒక్క బ్రాంచ్‌లో ఆ లైను మరిచిపోయినా మొత్తం క్లౌడ్ కదులుతుంది. రెండు హబ్‌లుంటే ఒకటి డీఆర్, ఒకటి బీడీఆర్. ఫేజ్ 3లో షార్ట్‌కట్‌ని బ్రాంచ్‌ల అసలు అడ్రసులు కనుక్కునే ఎన్‌హెచ్‌ఆర్‌పీ చూసుకుంటుంది, రూటింగ్ టేబుల్ హబ్‌నే చూపినా పర్వాలేదు, మళ్లీ పాయింట్-టు-మల్టీపాయింట్. కొత్తగా కడుతుంటే ఫేజ్ 3 కట్టండి. ప్రయారిటీల మీద ఆధారపడే డిజైన్ బ్రాంచ్‌లు పెరిగేకొద్దీ పెళుసవుతుంది.

ఐదో అడుగు: కాన్ఫిగరేషన్

సిస్కో ఐఓఎస్, ఐఓఎస్ ఎక్స్‌ఈలో:

ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్‌నెట్0/1
ఐపీ అడ్రస్ 10.0.12.0 255.255.255.254
ఐపీ ఓఎస్‌పీఎఫ్ 1 ఏరియా 0
ఐపీ ఓఎస్‌పీఎఫ్ నెట్‌వర్క్ పాయింట్-టు-పాయింట్

అవతలి చివర 10.0.12.1 అడ్రసుతో మిగతా అంతా ఇదే. అరిస్టాలోనూ, లినక్స్ మీద నడిచే ఎఫ్‌ఆర్‌ఆర్‌లోనూ చివరి లైను ఇంటర్‌ఫేస్ కింద ఇలాగే ఉంటుంది. ఐఓఎస్ ఎక్స్‌ఆర్‌లో ఇంటర్‌ఫేస్ కింద రాయరు. రౌటర్ ఓఎస్‌పీఎఫ్, ఏరియా, ఇంటర్‌ఫేస్ అని లోపలికి దిగి ‘నెట్‌వర్క్ పాయింట్-టు-పాయింట్’ అనాలి. జూనిపర్‌లో:

సెట్ ప్రోటోకాల్స్ ఓఎస్‌పీఎఫ్ ఏరియా 0.0.0.0 ఇంటర్‌ఫేస్ జీఈ-0/0/1.0 ఇంటర్‌ఫేస్-టైప్ పీ2పీ

మైక్రోటిక్ రౌటర్‌ఓఎస్ 7లో ఓఎస్‌పీఎఫ్ ఇంటర్‌ఫేస్-టెంప్లేట్‌లో టైప్ దగ్గర పీటీపీ ఎంచుకోవాలి.

ఐపీవీ6 కోసం ఓఎస్‌పీఎఫ్‌వీ3 కూడా నడుపుతుంటే అది వేరే ప్రోటోకాల్ ఇన్‌స్టాన్స్ అని గుర్తుపెట్టుకోండి. ఐపీవీ4 వైపు టైపు మార్చి ఐపీవీ6 వైపు వదిలేసిన నెట్‌వర్కుల్లో ఒకే లింక్ రెండు రకాల వేగంతో కోలుకుంటుంది.

ఆరో అడుగు: నడుస్తున్న లింక్ మీద మార్చేటప్పుడు

మొదట ప్రమాదం ఏమిటో చెప్తాను. ఒక చివర బ్రాడ్‌కాస్ట్, ఇంకో చివర పాయింట్-టు-పాయింట్ ఉంటే నైబర్ పడిపోతుందని అందరూ అనుకుంటారు. పడదు. రెండింటి హలో, డెడ్ టైమర్లు ఒకటే కాబట్టి నైబర్ ఫుల్‌లోనే కనిపిస్తుంది. రూట్లు మాత్రం మాయమవుతాయి.

ఎందుకంటే ఒక రౌటర్ తన ఎల్‌ఎస్‌ఏలో ‘నేను ఫలానా ట్రాన్సిట్ నెట్‌వర్క్‌కి కట్టుకున్నాను’ అంటుంది, ఇంకోటి ‘నేను నేరుగా ఆ రౌటర్‌కి కట్టుకున్నాను’ అంటుంది. ఎస్‌పీఎఫ్ ఏ గీతనైనా ఒప్పుకోవాలంటే అవతలి వైపు నుంచి తిరుగు గీత ఉండాలి. ఇక్కడ ఆ రెండు మాటలు కలవవు, గీత కొట్టేస్తుంది. అప్పుడు

షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ డేటాబేస్ రౌటర్

అని చూస్తే అవతలి రౌటర్ ఎల్‌ఎస్‌ఏ ఉంటుంది, దాని పైన ‘అడ్వర్టైజింగ్ రౌటర్ నాట్ రీచబుల్’ అన్న అర్థం వచ్చే లైను ఉంటుంది. నైబర్ ఫుల్, డేటాబేస్ నిండా ఎల్‌ఎస్‌ఏలు, రూటింగ్ టేబుల్ ఖాళీ. ఈ మూడు లక్షణాలు కలిసి కనిపిస్తే రెండు చివర్ల టైపులు పోల్చి చూడటమే మొదటి పని. బ్రాడ్‌కాస్ట్‌కి ఎదురుగా పాయింట్-టు-మల్టీపాయింట్ ఉంటే అంత మోసం ఉండదు. టైమర్లు కలవవు, నైబర్ అసలు లేవదు. ఆ టైమర్లను చేత్తో కలిపి ‘సరిచేస్తే’ మళ్లీ పాత మోసంలోనే పడతారు.

కాబట్టి రెండు చివర్లూ కలిపి మార్చాలి, రెండో చివరకు చేరే దారి పోకుండా చూసుకోవాలి. పద్ధతి ఇది.

ప్రత్యామ్నాయ మార్గం ఉంటే మొదట రెండు చివర్లా ఓఎస్‌పీఎఫ్ కాస్ట్ 65535కి పెంచి ట్రాఫిక్‌ని అటు మళ్లించండి. కౌంటర్లు తగ్గాయని చూసి కదలండి. ప్రత్యామ్నాయం లేకపోతే నిర్వహణ సమయం అడిగి తీసుకోండి. ఎంత తక్కువైనా అంతరాయం తప్పదు, టైపు మారగానే అడ్జసెన్సీ తెగి మళ్లీ కడుతుంది.

దూరపు చివరను ముందు మార్చండి. దూరపు రౌటర్‌కి మీ ల్యాప్‌టాప్ నుంచి లూప్‌బ్యాక్ అడ్రసుకి లాగిన్ అయితే రూట్లు పోగానే సెషన్ పోతుంది. దానికి బదులు దగ్గరి రౌటర్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి అవతలి లింక్ అడ్రసుకి, మన ఉదాహరణలో 10.0.12.1కి, ఎస్ఎస్‌హెచ్ చేయండి. ఆ సబ్‌నెట్ రెండింటికీ నేరుగా కలిసి ఉన్నది కాబట్టి ఓఎస్‌పీఎఫ్ ఉన్నా లేకపోయినా సెషన్ నిలుస్తుంది. దూరపు రౌటర్ లాగిన్ ఏసీఎల్ (అనుమతుల జాబితా) ఆ అడ్రసును ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోండి. లాగిన్‌ని టాకాక్స్ సర్వర్ సరిచూస్తుంటే రూట్లు లేని ఆ కొన్ని క్షణాల్లో లోకల్ అకౌంట్ ఉందని కూడా నిర్ధారించుకోండి.

వెనక్కి తిరిగే దారి పెట్టుకోండి. జూనిపర్‌లో, ఐఓఎస్ ఎక్స్‌ఆర్‌లో కమిట్ కన్‌ఫర్మ్‌డ్ ఉంది. మైక్రోటిక్‌లో సేఫ్ మోడ్. ఐఓఎస్‌లో ‘రీలోడ్ ఇన్ 10’ అని పెట్టి, పని సవ్యంగా అయ్యాక ‘రీలోడ్ క్యాన్సిల్’ అనాలి. ఆ క్యాన్సిల్ అయ్యేదాకా కాన్ఫిగరేషన్‌ని సేవ్ చేయకూడదు, చేస్తే రీలోడ్ అయినా పాతది తిరిగి రాదు.

తర్వాత దగ్గరి చివర మార్చండి. కాస్ట్‌ని మాత్రం సరిచూసుకున్నాకే పాత విలువకి తెండి.

ఏడో అడుగు: సరిచూడటం

నైబర్ ఫుల్ అయిందని సంతోషపడితే చాలదని పైన చూశాం. రెండు చివర్లా ‘షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్’ కొడితే స్టేట్ దగ్గర పీ2పీ అని ఉండాలి. ‘షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ డేటాబేస్ నెట్‌వర్క్’లో ఆ సబ్‌నెట్ తాలూకు టైపు 2 ఎల్‌ఎస్‌ఏ పోయి ఉండాలి. ‘షో ఐపీ రూట్ ఓఎస్‌పీఎఫ్’లో అవతలి లూప్‌బ్యాక్ ఆ ఇంటర్‌ఫేస్ మీదుగానే కనిపించాలి. ఆఖరున పెద్ద ప్యాకెట్‌తో, డోంట్ ఫ్రాగ్మెంట్ బిట్ పెట్టి పింగ్ చేయండి. ఎంటీయూ తేడా ఇన్నాళ్లూ దాగి ఉంటే అడ్జసెన్సీ కొత్తగా కట్టిన ఈ వేళే బయటపడుతుంది.

నిర్వహణ సమయం మిగిలితే పోర్టుని ఒకసారి షట్ చేసి తెరిచి, ఫుల్ కావడానికి ఎంతసేపు పట్టిందో లాగ్‌లో చూడండి. పాత 40 సెకన్ల నిరీక్షణ పోయిందని మీ కళ్లతో చూశాక మిగతా లింకులకు అనుమతి అడగడం తేలికవుతుంది.

లూప్‌బ్యాక్ సంగతి

లూప్‌బ్యాక్‌కి మీరు /24 ఇచ్చినా ఓఎస్‌పీఎఫ్ దాన్ని /32గానే ప్రకటిస్తుంది. ల్యాబ్‌లో లూప్‌బ్యాక్‌ని ఒక లాన్‌కి నమూనాగా పెట్టుకుని /24 రూట్ రావాలనుకుంటే దాని మీద కూడా పాయింట్-టు-పాయింట్ పెట్టాలి. నిజమైన నెట్‌వర్క్‌లో రౌటర్ ఐడీ లూప్‌బ్యాక్‌కి అసలు /32 తప్ప వేరే మాస్క్ ఇవ్వకండి. లేబుళ్ల మీద ప్యాకెట్లు పంపే ఎంపీఎల్ఎస్ నడిచే చోట ఇది మరీ ముఖ్యం. ఇంటర్‌ఫేస్ మీద /24 ఉంటే ఆ లేబుళ్లు పంచే ఎల్‌డీపీ /24కి లేబుల్ కడుతుంది, ఓఎస్‌పీఎఫ్ /32 రూట్ చెప్తుంది. రెండూ కలవక లేబుల్ దారి తెగుతుంది, మామూలు పింగ్ వెళ్తుంది గానీ వీపీఎన్ కస్టమర్ల ట్రాఫిక్ ఆగిపోతుంది.

ఐఎస్-ఐఎస్ నడిపేవాళ్లకు

ఐఎస్-ఐఎస్ ఓఎస్‌పీఎఫ్ లాంటిదే మరో రూటింగ్ ప్రోటోకాల్. పై తర్కమంతా అక్కడా వర్తిస్తుంది, కాస్త తేలికగా. ఐఎస్-ఐఎస్‌లో ఉన్నవి రెండే రకాలు: బ్రాడ్‌కాస్ట్, పాయింట్-టు-పాయింట్. ఈథర్‌నెట్ మీద డిఫాల్ట్‌గా డీఐఎస్ (డీఆర్ లాంటిది) ఎన్నిక జరుగుతుంది. దీనికి బ్యాకప్ ఉండదు, పెద్ద ప్రయారిటీ వస్తే పాతదాన్ని వెంటనే దించేస్తుంది. ఇద్దరే ఉన్న లింక్ మీద ఇంటర్‌ఫేస్ కింద ‘ఐసిస్ నెట్‌వర్క్ పాయింట్-టు-పాయింట్’ అని రెండు చివర్లా రాయండి. రెండు రకాలకూ హలో ప్యాకెట్లే వేరు కాబట్టి ఒక చివర మరిచిపోతే అడ్జసెన్సీ అసలు లేవదు, ఓఎస్‌పీఎఫ్‌లోలాగా ఫుల్ అని చూపించి మభ్యపెట్టదు. అందుకే ఇక్కడ లింక్ అడ్రసు మీదుగా దూరపు చివరకు ముందే లాగిన్ అయి ఉండటం ఇంకా అవసరం. మొదటి చివర మారిన క్షణం నుంచి రెండో చివర మారేదాకా ఆ లింక్ మీద ఐఎస్-ఐఎస్ నేర్చుకున్న రూట్ ఒక్కటీ ఉండదు.